తెలుగు వాక్యానికి చుక్క అక్కర్లేదా?

తెలుగు వెబ్‌సైట్లకు రాసేవారి మధ్య కొంతకాలంగా ఒక వాదన చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: విరామ చిహ్నాలు ఇంగ్లీషువాళ్ళు తెచ్చిపెట్టినవి, మన తాళపత్రాల్లో అవి లేవు, తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక చుక్క లేకపోయినా పాఠకుడికి తెలిసిపోతుంది, ఫోనులో చదివేవాడు ఎలాగూ పైపైన చూసుకుంటూ పోతాడు, గూగుల్ వీటిని లెక్కచేయదు, కాబట్టి వీటిమీద పెట్టే సమయం దండగ. ఇది పూర్తిగా అబద్ధమైతే ఖండించడానికి ఇంత శ్రమ అక్కర్లేదు. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంతను చూపించి మొత్తాన్ని ఒప్పించడంలోనే దీని బలమంతా ఉంది.

తాళపత్రాల సంగతి ముందు చూద్దాం. వాటిలో కామాలు లేని మాట నిజమే. అయితే పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి ఆకు చివరిదాకా సాగిపోయేవి. చిహ్నాలను వదిలేయడానికి తాళపత్రాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు ఖాళీలు మాత్రం ఎందుకు వదులుతున్నారో చెప్పరు. ఆ ఆకులమీద రాసింది ఎక్కువగా పద్యం. ఎక్కడ ఆగాలో గణాలు, యతి, ప్రాస చెప్పేవి. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడికి పాఠం చెవిలోనే ఉండేది. కరెంటు బిల్లు కట్టే పద్ధతిని వివరించే పేజీకి యతీ లేదు, ప్రాసా లేదు, పక్కన గురువూ లేడు.

ఇక ఇవి ఇంగ్లీషువాళ్ళవన్న మాట. క్రీస్తుకు పూర్వం సుమారు 200 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అరిస్టోఫనీస్ అనే గ్రీకు పండితుడు పంక్తిలో మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టి, ఏ చుక్క దగ్గర ఎంతసేపు ఆగాలో సూచించాడు. సెమీకోలన్ 1490ల్లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయంలో పుట్టింది. ఇంగ్లీషు కూడా వీటిని అరువు తెచ్చుకున్న భాషే. మనకు సొంతంగా దండం (శ్లోకపాదం చివర పెట్టే నిలువు గీత) ఉంది కదా అంటారా, ఉంది; శ్లోకాలు ఉదాహరించేటప్పుడు దాన్ని వాడుతూనే ఉన్నాం. ప్రధాన భారతీయ లిపులకు కలిపి ఒకే దండాన్ని, అక్షరాలకు కంప్యూటరు సంకేతాలు నిర్ణయించే ప్రమాణమైన యూనికోడ్, దేవనాగరి విభాగంలో ఉంచింది. కానీ దండం మనదని గట్టిగా చెప్పేవారిలో చాలామంది పేజీలో దండానికి బదులు కీబోర్డుమీది నిలువు గీతను కొడతారు; అది కంప్యూటరుకు వేరే అక్షరం. సొంత చిహ్నంమీద అభిమానం ఉన్నప్పుడు కనీసం ఆ చిహ్నాన్నే వాడాలి కదా.

అసలు బలమైన వాదన క్రియ గురించినది. దానిలోని నిజాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. విరామ చిహ్నాల గొప్పదనం చెప్పడానికి హిందీలో 'రోకో మత్ జానే దో' అనే వాక్యాన్ని చూపిస్తారు. కామా ఎక్కడ పడుతుందన్నదాన్నిబట్టి అది 'ఆపు, పోనివ్వకు' అయినా కావచ్చు, 'ఆపకు, పోనివ్వు' అయినా కావచ్చు. తెలుగులో ఈ తమాషా పనిచేయదు, ఎందుకంటే మన వ్యతిరేకార్థం క్రియలోనే కలిసిపోయి ఉంటుంది. 'ఆపకు' అన్న తర్వాత అది ఎటూ జరగదు. అలాగే 'వస్తావా' అన్నప్పుడు ప్రశ్న ఆ దీర్ఘంలోనే ఉంది. ఇంగ్లీషు నియమాలను తెచ్చి తెలుగుమీద రుద్దడం తప్పన్నంతవరకు ఈ వాదన సరైనదే. తెలుగుకు తన చిక్కులు తనకున్నాయన్న సంగతిని మాత్రం అది మరిచిపోయింది.

ఒక ప్రజాసేవల పేజీని సరిచూస్తున్నప్పుడు నాకు ఎదురైన వాక్యం ఇది: 'ఆధార్ కార్డు లేదా రేషన్ కార్డు తీసుకురండి'. రెండింటిలో ఏదో ఒకటి చాలని నేను అర్థం చేసుకున్నాను. మీరూ అలాగే చదివి ఉంటారు. రాసినవారిని అడిగితే వారి ఉద్దేశం అది కాదట: 'ఆధార్ కార్డు లేదా? రేషన్ కార్డు తీసుకురండి.' అంటే ఆధార్ ఉన్నవాళ్ళు ఆధారే తేవాలి, లేనివాళ్ళకు మాత్రమే రేషన్ కార్డు చెల్లుతుంది. ఆధార్‌ను ఇంట్లో పెట్టి రేషన్ కార్డుతో వచ్చినవాణ్ణి వెనక్కి పంపింది ఒక్క ప్రశ్నార్థకం లేకపోవడమే. ఇలాంటిదే ఇంకొకటి: 'ఆయన డాక్టర్ భార్య లాయర్'. ఆయన డాక్టర్, ఆయన భార్య లాయర్ అనా, లేక ఆయనకు వైద్యం చేసే డాక్టరుగారి భార్య లాయర్ అనా? 'వైద్యుడు' అని రాస్తే 'వైద్యుడి భార్య' అని విభక్తి తేడా చూపించేది. అరువు మాటకు ఆ మార్పు రాదు, పైగా ఇందులో క్రియే లేదు. తెలుగులో క్రియలేని వాక్యాలు ఎన్ని ఉన్నాయో చుక్క అక్కర్లేదనేవారు ఒక్కసారి లెక్కపెట్టి చూడాలి.

క్రియ ఉన్నప్పుడైనా అది ముగింపేనని నమ్మడానికి లేదు. 'నిన్న ఆమోదం పొందింది' అన్నంతవరకు చదివితే వాక్యం పూర్తయినట్టే ఉంటుంది. కానీ 'నిన్న ఆమోదం పొందింది ముసాయిదా మాత్రమే' అన్నప్పుడు ఆ 'పొందింది' క్రియ కాదు, 'పొందినది' అనే నామం. ఒకే రూపం రెండు పనులు చేస్తున్నప్పుడు ఎక్కడ ఏ పని చేస్తున్నదో చుక్కే చెప్పాలి.

'అని' ఉంది కదా, కొటేషన్లు ఎందుకు అనే ఉపవాదం కూడా దీనితోపాటే తిరుగుతుంది. ఇతరుల మాట ఎక్కడ ముగిసిందో 'అని' చెబుతుంది. ఎక్కడ మొదలైందో చెప్పదు. 'రవి నేను వెళ్ళాలని చెప్పాడు' అంటే వెళ్ళాల్సింది రవా, రాస్తున్న నేనా? రవి 'నేను వెళ్ళాలి' అని చెప్పాడంటే ప్రయాణం రవిది. రవి, నేను వెళ్ళాలని చెప్పాడంటే ప్రయాణం నాది. సంబోధనలోనూ ఇదే తంతు: 'అమ్మా నాన్న వచ్చారు' అంటే ఇద్దరూ వచ్చారని, 'అమ్మా, నాన్న వచ్చారు' అంటే అమ్మకు చెబుతున్నారని. మన వార్తాపత్రికల శీర్షికలు ఈ విద్యను ఎప్పుడో పట్టుకున్నాయి. 'రుణమాఫీ చేసి తీరుతాం: మంత్రి' అన్నప్పుడు ఆ కోలన్ 'అన్నారు' అనే క్రియ పని మొత్తం చేస్తుంది. దాన్ని తీసేస్తే ఎవరో మంత్రిగారికి మాట ఇస్తున్నట్టు ఉంటుంది.

ఇంగ్లీషుకు చుక్క అవసరం, మనకు కాదు అనేవారు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో చుక్క చెరిగిపోయినా తర్వాతి వాక్యం పెద్ద అక్షరంతో మొదలై ఆచూకీ ఇస్తుంది. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు. కాబట్టి ఆ భారమంతా చుక్కమీదే పడుతుంది. పాఠాన్ని వాక్యాలుగా విడగొట్టడానికి యూనికోడ్ ఇచ్చిన సాధారణ నియమాలు కూడా చుక్క తర్వాత చిన్న అక్షరం వస్తే వాక్యం ఇంకా ముగియలేదని తీసుకుంటాయి; ఆ సౌకర్యం తెలుగుకు వర్తించదు. అందుకే 'క్రీ.శ.', 'కి.మీ.' వంటి పొట్టి రూపాల దగ్గర ఆ నియమాలు వాక్యాన్ని మధ్యలోనే తెంపేస్తాయి. వెబ్ పేజీలో 'కిలోమీటర్లు' అని పూర్తిగా రాయడం నాకు అలవాటైంది ఇందువల్లనే. యంత్రానువాదమూ సాధారణంగా వాక్యం వాక్యంగానే నడుస్తుంది. చుక్కలు లేని పేరా దానికి ఒకే మహావాక్యం.

ఫోనులో పైపైనే చదువుతారన్నది ఒప్పుకోదగిన మాట. కానీ దాన్నుంచి తీసిన తీర్పు తలకిందులుగా ఉంది. నిదానంగా చదివేవాడు తడబడితే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటాడు. పైపైన చదివేవాడు తప్పు అర్థంతోనే వెళ్ళిపోతాడు. ఇక చూపుతో కాక చెవితో చదివేవారున్నారు. తెరమీది పాఠాన్ని పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లకు జతచేసే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. అది కామా దగ్గర కాస్త, చుక్క దగ్గర మరికాస్త ఆగుతుంది. చిహ్నాలు లేని పేజీని అది ఊపిరి తీసుకోకుండా చదువుకుపోతుంది, వినేవారికి మాత్రం ఊపిరాడదు. చిన్న తెరమీద ఇంకో ఇబ్బంది: 'కాకినాడ,అమలాపురం,రాజమహేంద్రవరం,తుని' అని కామా తర్వాత ఖాళీ లేకుండా రాస్తే, బ్రౌజరుకు అదంతా ఒకే పొడుగాటి పదం, పంక్తి విరగడానికి చోటు దొరక్క అది అంచు దాటిపోతుంది, లేదా పై పంక్తిలో సగం ఖాళీ వదిలి కిందికి దూకుతుంది.

గూగుల్ గురించిన మాటలో సగం నిజం. మనం వెతికేటప్పుడు కొట్టే చిహ్నాలను అది చాలావరకు పట్టించుకోదు. కానీ వెతకడం వేరు, దొరికిన పేజీ నాణ్యత వేరు. 2011 మేలో వెబ్‌సైట్లు నడిపేవారికి గూగుల్ ఇచ్చిన ప్రశ్నల జాబితాలో, వ్యాసంలో అక్షరదోషాలు, శైలీదోషాలు, వాస్తవ దోషాలు ఉన్నాయా అన్న ప్రశ్న ఒకటి. కామా పెడితే పేజీ పైకి వస్తుందని ఇందులో లేదు, నేనూ అలా చెప్పను. అయితే చిహ్నం నేరుగా వెతుకులాటను చెడగొట్టే సందర్భం తెలుగులో ఒకటుంది: విసర్గ బదులు కోలన్ కొట్టడం. 'దు:ఖం', 'పున:పరిశీలన' అని కోలన్‌తో రాసిన పేజీలో సరైన 'దుఃఖం', 'పునఃపరిశీలన' కోసం వెతికితే దొరక్కపోవచ్చు. కంటికి ఒకేలా కనిపించినా విసర్గ తెలుగు అక్షరం, కోలన్ విరామ చిహ్నం. ఎన్నో పేజీల్లో ఈ తప్పు చూశాను. చిహ్నాలు అనవసరమనేవారే అక్కర్లేనిచోట కోలన్ పెట్టడం విడ్డూరం.

వరసగా మూడేసి ఆశ్చర్యార్థకాలు, వాక్యానికి ఎనిమిదేసి చుక్కలు పెట్టేవారిని మాత్రం నేను సమర్థించను. అవి చూసి విసిగినవారే ఈ వాదనను మొదలుపెట్టారేమోనని నా అనుమానం. సమయం దండగన్న చివరి మాటకు జవాబు ఆ సేవల పేజీలోనే ఉంది. రాసినవారి ఉద్దేశం తెలిశాక అక్కడ ప్రశ్నార్థకం చేర్చాం, 'రేషన్ కార్డు తీసుకురండి' తర్వాత చుక్క పెట్టాం. నిమిషం కూడా పట్టలేదు.