పోయిన పసిబిడ్డని అమ్మ చేతికి ఇవ్వాలా వద్దా: ఇద్దరు సిస్టర్ల వాదన

ముందే చెప్పేస్తా, ఈ వాదన నేను కూర్చినది, ఇద్దరు మనుషులు నిజంగా ఇలా కూర్చుని మాట్లాడుకున్నది కాదు. కానీ పుట్టిన కొన్ని గంటలకో రోజులకో బిడ్డ పోయిన ప్రతిసారీ వార్డులో ఈ రెండు గొంతులూ లేస్తాయి. పెద్ద సిస్టర్ అంటే లేబర్ రూములోనే తల నెరిసిన నర్సు అనుకోండి, చిన్న సిస్టర్ ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో, చేరి రెండేళ్ళు.

పెద్ద సిస్టర్: నేనేం రాతిగుండె దాన్ని కాదమ్మాయ్. మా రోజుల్లో బిడ్డ పోతే గుడ్డలో చుట్టి గబగబా పంపేసేవాళ్ళం, తల్లి మత్తు దిగేలోపే అంతా అయిపోయేది, చూస్తే ఆ మొహం జన్మంతా వెంటాడుతుందని మా పెద్దవాళ్ళు చెప్పారు, మేం నమ్మాం. ఇప్పటికీ సగం నమ్ముతున్నా.

చిన్న సిస్టర్: చూడకపోతే వెంటాడదా అక్కా? చూడని మొహాన్ని మనసే గీసుకుంటుంది, ఏ అవయవం ఎలా ఉందో ఏమో, నాకు చూపించలేదంటే అంత భయంకరంగా ఉందేమో అని. తొమ్మిది నెలలు మోసిన మనిషి, బిడ్డకి జుట్టు ఉందా, ఎవరి పోలిక అని అడిగితే ఏం చెప్తారు? మనం చూశాం, ఆయా చూసింది, వార్డ్ బాయ్ చూశాడు, అమ్మ తప్ప అందరూ చూశారు!

పెద్ద సిస్టర్: బాగానే మాట్లాడతావ్. మరి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్టడీ సంగతేంటి? చనిపోయి పుట్టిన బిడ్డని ఎత్తుకున్న తల్లుల్లో తర్వాతి కడుపు వచ్చినప్పుడు డిప్రెషన్ ఎక్కువ కనిపించింది, ఊరికే చూసినవాళ్ళలో అంతకన్నా తక్కువ, అసలు చూడనివాళ్ళలో అన్నిటికన్నా తక్కువ. దాన్ని పట్టుకునే కదా బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2007లో, తల్లిని చూడమని ఎత్తుకోమని మామూలు పద్ధతిగా ప్రోత్సహించొద్దు అని రాసింది.

చిన్న సిస్టర్: అందులో బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు 65 మందే అక్కా. ఎత్తుకోవడం వల్లే డిప్రెషన్ వచ్చిందని అది తేల్చలేదు, ఎవరు ఎలా అడిగారు, పక్కన ఎవరున్నారు, బిడ్డని చేతికిచ్చేముందు ఏం చెప్పారు, ఇవన్నీ లెక్కలోకి రావాలి కదా. నైస్ కూడా 2014లో మాట మార్చింది. ఫోటో చూడటం, గుర్తుగా ఏదైనా ఉంచుకోవడం, బిడ్డని చూడటం, ఎత్తుకోవడం, ఇలా ఏమేం చేయొచ్చో అనుభవం ఉన్న మనిషి కూర్చుని మాట్లాడాలి, తర్వాత కూడా ఒకసారి పలకరించాలి అని.

పెద్ద సిస్టర్: మాట్లాడాలి అంది, నెత్తిన రుద్దమనలేదుగా. ఆ రోజు ఆ తండ్రితో నువ్వన్న మాట నేను విన్నా. “ఒక్కసారి ఎత్తుకోండి సార్, లేకపోతే తర్వాత బాధపడతారు” అన్నావ్. అది అడగడమా భయపెట్టడమా? పాపం ఆయన వణుకుతూ చేతులు చాపాడు, నీ మాట కాదనలేక.

చిన్న సిస్టర్: …అది తప్పే అక్కా.

(ఇక్కడ నాకు పెద్ద సిస్టర్ దెబ్బ సరిగ్గా తగిలింది అనిపించింది. దాచేయడం ఎంత బలవంతమో చేతిలో పెట్టేయడం కూడా అంతే, మనకి మాత్రం రెండోది మంచితనంలా కనిపిస్తుంది.)

పెద్ద సిస్టర్: సరే, ఒప్పుకున్నావ్ కాబట్టి అడుగుతున్నా, మరి ఎలా అడగాలంటావ్?

చిన్న సిస్టర్: ముందు బిడ్డ ఎలా ఉంటుందో చెప్పాలి. “పాప ఒళ్ళు చల్లగా ఉంటుందమ్మా, పెదాలు నల్లబడ్డాయి, నెలలు నిండలేదు కాబట్టి చర్మం పల్చగా ఉంది, నేను టవల్‌లో చుట్టి తెస్తా, మీరు చూడాలనుకుంటే చూడొచ్చు, వద్దనుకుంటే వద్దు, ఇప్పుడే చెప్పక్కర్లేదు” ఇంతే. వద్దంటే సరే అని వచ్చేసి, కొంతసేపయ్యాక మళ్ళీ ఒకసారి అడగాలి, ఎందుకంటే ఆ మొదటి గంటలో చెప్పిన వద్దు చాలాసార్లు వద్దు కాదు, షాకు. ఇంకోటి, బిడ్డని తీసుకొచ్చేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టి, బతికున్న బిడ్డని పట్టుకున్నట్టే పట్టుకోవాలి. పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే పిలవాలి, “బాడీ” అనకూడదు. చల్లటి నీళ్ళు తిరిగే పరుపులు కొన్ని ఆసుపత్రుల్లో ఉంటాయి, వాటి మీద పడుకోబెడితే ఇంకా ఎక్కువసేపు పక్కనే ఉంచుకోవచ్చు, తొందర తగ్గుతుంది.

పెద్ద సిస్టర్: తొందర నీకు లేకపోవచ్చు, నా చేతిలో ఇంకో నలుగురు బతికున్న పిల్లలున్నారు, ఒకడికి డ్రిప్ అయిపోతోంది, ఒకడికి రక్తంలో ఆక్సిజన్ పడిపోతోంది, నేను ఈ తల్లి పక్కన గంట కూర్చుంటే వాళ్ళనెవరు చూస్తారు? దయ దయ అంటారు, డ్యూటీ చార్టులో దయకి గడి ఉందా?

చిన్న సిస్టర్: లేదు. దానికి నా దగ్గర మంచి జవాబు కూడా లేదు. ఇద్దరం ఉన్నప్పుడు ఒకరు మిగతా పిల్లల్ని అందుకోవడం తప్ప. కానీ కొన్నిటికి టైమ్ పట్టదక్కా. “మీ బిడ్డ పోయినందుకు చాలా బాధగా ఉందమ్మా” అనడానికి ఎంతసేపు? “చిన్న వయసే, మళ్ళీ పుడతార్లే” అనడానికీ అంతే టైమ్ పడుతుంది, మనవాళ్ళు రెండోదే అంటారు.

పెద్ద సిస్టర్: నేనూ అన్నాలే చాలాసార్లు. ఏదో ఒకటి అనాలి కదా అని.

చిన్న సిస్టర్: వెంటిలేటర్ తీసేటప్పుడు కూడా అంతే, ఒక్క మాట ముందు చెప్తే చాలు. తీసిన వెంటనే ప్రాణం పోతుందనుకుంటారు, కానీ కొందరు పిల్లలు నిమిషాలు, కొందరు గంటలు ఉంటారు, మధ్యమధ్యలో ఎగశ్వాస వస్తుంది. ముందు చెప్పకపోతే ఆ ఒక్క ఎగశ్వాసకి “బతికాడు, మళ్ళీ పెట్టండి” అని అరుస్తారు, ఆ అరుపు తర్వాత వాళ్ళకి తప్పు చేశామన్న బాధగా మిగిలిపోతుంది. ముందే చెప్పి, బిడ్డకి నొప్పి తెలియకుండా డాక్టర్‌తో మందు రాయించి, అమ్మ గుండెల మీద పడుకోబెడితే వేరేగా జరుగుతుంది.

పెద్ద సిస్టర్: అది ఒప్పుకుంటా, నేనూ చూశా. సరేగానీ మీరంతా పాదముద్రలు, జుట్టు కత్తిరించడం, ఆ గుర్తులు దాచే పెట్టె, ఫోటో అంటారు, పాల సంగతి ఒక్కరూ చెప్పరేం? బిడ్డ పోయినా, కాన్పయిన రెండో రోజో మూడో రోజో పాలు పడతాయి. ఇంటికెళ్ళాక బట్టలు తడిసిపోతే ఆ పిల్ల ఏమైపోవాలి? మేం గట్టిగా గుడ్డ కట్టమనేవాళ్ళం, అది తప్పని తర్వాత తెలిసింది, గడ్డలు కట్టి జ్వరాలొచ్చేవి. ఒత్తిడి లేని సరైన బ్రా, చల్లటి కాపడం, నొప్పి మాత్ర, మరీ బరువనిపిస్తే హాయి కోసం కొంచెమే పిండుకోవడం. పాలు పడకుండా మాత్ర ఉంది, అది డాక్టరే రాయాలి, కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్ళకి పనికిరాదు. కొందరు ఆ పాలు మిల్క్ బ్యాంకుకి ఇస్తామంటారు, అదీ చెప్పాలి. ఇదంతా డిశ్చార్జ్‌కి ముందు చెప్పకపోతే నీ పెట్టెలో ఎన్ని ముద్రలుంటే ఏం లాభం?

చిన్న సిస్టర్: నిజంగా మర్చిపోతాం అక్కా. బిడ్డ పోగానే ఆవిడ బాలింత అన్న సంగతే కేస్ షీట్‌లోంచి ఎగిరిపోతుంది.

పెద్ద సిస్టర్: ఇంకో డౌటు. మొన్న ఆ అమ్మానాన్నలు వద్దన్నా ఫోటో తీసి ఫైల్లో పెడదాం అన్నావట, ఎప్పుడైనా వచ్చి అడుగుతారని. ఎవరి బిడ్డ, ఎవరి ఫోటో?

చిన్న సిస్టర్: నెలల తర్వాత వచ్చి “ఒక్క ఫోటో అయినా ఉందా” అని అడిగితే లేదని చెప్పడం…

పెద్ద సిస్టర్: కష్టమే. అయినా వాళ్ళని అడగకుండా తీయకూడదు. “తీసి కవర్లో పెట్టి ఉంచమంటారా, చూడక్కర్లేదు” అని అడుగు, సరే అంటే తీయి, కాదంటే కెమెరా లోపల పెట్టు. అది కూడా ఇద్దర్నీ అడుగు, తండ్రిని కాగితాల మీద సంతకాలకి తప్ప మనం దేనికీ పిలవం. బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు పాపం, వాడిదీ బిడ్డేగా.

చిన్న సిస్టర్: అంటే మీరు నా వైపు వచ్చేసినట్టేనా?

పెద్ద సిస్టర్: రాలేదు. పదిమందిలో ఒకరైనా చూడనందుకే నిద్రపోగలిగేవాళ్ళు ఉంటారని నా నమ్మకం, ఆ ఒకరిని నువ్వు వదిలేయగలిగితే అప్పుడు మాట్లాడదాం. అది సరే, బిడ్డ పోయిన ఆ తొమ్మిదో మంచం అమ్మాయిని పక్క రూముకి మార్చారా? రెండు వైపులా చంటిపిల్లలు ఏడుస్తున్నారు.

చిన్న సిస్టర్: రూమ్ ఖాళీ లేదన్నారు అక్కా.

పెద్ద సిస్టర్: నా డ్యూటీ రూమ్ ఉందిగా. మంచం ఆ చివర పట్టుకో, పద.