సవరణ: హెర్మన్ హెస్సే ఇండియాకు రాలేదు

జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే మన దేశమంతా తిరిగి 'సిద్ధార్థ' నవల రాశాడనీ, అది బుద్ధుడి జీవిత కథనీ మొన్నటి పోస్టులో ఉంది. రెండూ తప్పే.

1911లో ఆయన చిత్రకారుడు హాన్స్ స్టుర్జెనెగ్గర్‌తో కలిసి ఓడెక్కిన మాట నిజం, కానీ తిరిగింది సిలోన్, సింగపూర్, సుమత్రా. ఎండలూ, కడుపు జబ్బూ కలిసి ఆయన్ని బాగా సతాయించాయి, చివరికి ఇండియాలో అడుగు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. తీరా 1913లో వేసిన ఆ ప్రయాణపు పుస్తకానికి 'ఇండియా నుంచి' అని పేరు పెట్టాడు, ఇక జనం పొరబడరా మరి!

ఇండియాతో అసలు చుట్టరికం అమ్మ వైపు నుంచి వచ్చింది. తల్లి మారీ పుట్టింది కేరళలోని తలశ్శేరిలో. తాత హెర్మన్ గుండెర్ట్ మలయాళ నిఘంటువు (1872) చేసిన మిషనరీ, తలశ్శేరికి వెళ్లకముందు మన చిత్తూరులో కూడా కొంతకాలం ఉన్నాడు. ఈ సంగతి చెప్పకుండా హెస్సే గురించి రాయడం నా దృష్టిలో సగం పనే.

ఇక 1922లో వచ్చిన 'సిద్ధార్థ'లో హీరో ఒక బ్రాహ్మణ కుర్రాడు. గౌతమ బుద్ధుడు వేరే పాత్రగా వస్తాడు. ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకుంటారు కూడా. స్నేహితుడు గోవిందుడు బుద్ధుడి దగ్గర ఉండిపోతే, ఇతను మాత్రం దణ్ణం పెట్టి తన దారిన తను పోతాడు. నవలకి ఆయువుపట్టు అదే.

ఇంకోటి, 1946లో నోబెల్ వచ్చేనాటికి ఆయన స్విస్ పౌరుడు.