ఫ్రీ ఫోన్ అంటే చిన్నచూపు ఎందుకు?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకే చెప్తున్నాను. మొన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో ఒకాయన "ఒబామా ఫోన్లు, అన్నీ మన ట్యాక్సులే" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన అన్న ఆ ఫోన్లు లైఫ్‌లైన్‌వి, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఫోన్ ఖర్చులో సాయం చేసే ప్రభుత్వ పథకానివి. అది మొదలైంది 1985లో, రీగన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. ఉచిత సెల్‌ఫోన్ ప్లాన్లు వచ్చిందీ 2008లోనే, బుష్ దిగకముందు. డబ్బు ట్యాక్సుల్లోంచి కాదు. మీ ఫోన్ బిల్లు కింద యూనివర్సల్ సర్వీస్ అని ఒక ఛార్జీ ఉంటుంది, ఆ నిధిలోంచి. అదైనా ఎంత? ఇంటికి ఒక్కటే, నెలకి 9 డాలర్ల 25 సెంట్లు!

మా పక్కింటి పిన్నిగారికి 72 ఏళ్ళు, ఒంటరి మనిషి. ఫుడ్ స్టాంపులు వస్తాయి కాబట్టి ఈ ఫోన్‌కి అర్హత ఉంది. డాక్టరు, మందుల షాపు, బ్యాంకు కోడ్, అన్నీ ఆ నంబరుకే. చెల్లెలు పోతే గుంటూరు వెళ్ళి రెండు నెలలుండి వచ్చారు. వచ్చేసరికి లైన్ కట్. ఉచిత ప్లాన్ 30 రోజులు వాడకపోతే 15 రోజుల గడువిచ్చి ఆపేస్తారు. ఆ గడువు నోటీసు వచ్చింది ఎక్కడికి? సొరుగులో స్విచ్చాఫ్ అయి ఉన్న ఆ ఫోన్‌కే, మెసేజ్‌గా!

మళ్ళీ అప్లై చేద్దామని కూర్చున్నాం. పిన్నిగారు చీరల షాపు కవర్లోంచి కాగితాలన్నీ తీసి టేబుల్ మీద పరిచారు. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. వివరాలు సరిపోలేదంటుంది కంప్యూటరు. మూడు సాయంత్రాలు ఇదే. "నా పేరే తప్పంటోందా అమ్మా?" అని ఆవిడ అడిగితే ఏం చెప్పను?

చివరికి వచ్చింది, కానీ కొత్త నంబరు. బ్యాంకు కోడ్ ఇంకా పాతదానికే వెళ్తోంది.

సాయం ఇవ్వడం ఒక్కటే చాలదు, అది మనిషి చేతిలో నిలవాలి. ఇంటర్నెట్‌ బిల్లుకి నెలకి 30 డాలర్ల దాకా ఇచ్చిన ఏసీపీ అనే ప్రభుత్వ పథకం సంగతీ చూశాం. 2 కోట్ల 30 లక్షల ఇళ్ళు చేరాయి. కాంగ్రెస్ డబ్బివ్వక 2024 జూన్ 1న ఆగిపోయింది. పిన్నిగారి వైఫై కూడా అప్పుడే పోయింది. మిగిలిన ఈ ఒక్కటీ ఇలా జారిపోతే ఎలా? ఆ నోటీసు ఉత్తరంగా కూడా పంపాలి, దగ్గరివాళ్ళ నంబరొకటి తీసుకుని అక్కడికీ పంపాలి.

మీ చుట్టుపక్కల పెద్దవాళ్ళెవరైనా ఇండియా వెళ్తుంటే, లైన్ ఆగకుండా ఏం చేయాలో బయల్దేరేముందే ఫోన్ కంపెనీని అడిగించండి. అర్హత ఇంకా ఉందని ఏటా చూపించాల్సిన రీసర్టిఫికేషన్ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మా వైపు ఉన్నవాళ్ళయితే శనివారం కాగితాలు పట్టుకుని మా ఇంటికి రండి, కలిసి కూర్చుని నింపుదాం.