పద్దెనిమిది నిండాయి, ఇక దయచేయండి

అనాథల హోములో పెరిగిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండగానే జరిపే వీడ్కోలు సభ ఫొటో ఒకటి మొన్న వాట్సాప్‌లో చూశాను. వెనక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా దాతగారు. ముందు, ఈ వయసులో తనకు శాలువా ఎందుకు కప్పారో అర్థంకాని మొహంతో ఒక కుర్రాడు. వాడి చేతిలో బహుమతి: గోడ గడియారం.

గోడ గడియారం! రేపు రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియనివాడికి. మేకు కూడా కలిపి ఇచ్చారో లేదో ఫొటోలో కనపడలేదు గానీ, గోడ మాత్రం ఇచ్చి ఉండరు. గోడ వాడే సంపాదించుకోవాలి. అంతవరకు ఆ గడియారాన్ని చంకలో పెట్టుకుని తిరిగితే టైమైనా తెలుస్తుంది. దాతగారు మైకు పట్టుకుని "ఇక నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలి నాయనా" అని కూడా అనే ఉంటారు. అనకుండా ఇలాంటి సభలు ముగియవు.

మన ఇళ్లలో కాళ్ల సంగతి మనకు తెలియనిదా? నాలుగేళ్ల బీటెక్, దాని వెంట బ్యాక్‌లాగులు, ఆ వెంట కోచింగ్, హాస్టల్ ఫీజు, నెల మధ్యలో "డాడీ, కొంచెం ఫోన్‌పే చెయ్" అని మెసేజ్. ఉద్యోగం వచ్చాక కూడా ఫ్లాట్ అడ్వాన్సు నాన్నదే. ఇరవై ఏడేళ్ల గడ్డంవాడిని చూపించి "మావాడికింకా లోకం తెలియదండీ" అని అమ్మలు మురిసిపోతారు. అదే అమ్మానాన్నలు లేని పిల్లకైతే పద్దెనిమిదో పుట్టినరోజుకల్లా లోకజ్ఞానం మొత్తం వచ్చేస్తుందని మన ప్రగాఢ విశ్వాసం.

ఇంత గొప్ప అవకాశం అనాథలకే పరిమితం కావడం అన్యాయం. అన్ని కుటుంబాలకూ వర్తింపజేయాలని నా మనవి. పుట్టినరోజు పొద్దున హాల్లో సభ. అధ్యక్షత నాన్న, వందన సమర్పణ అమ్మ. ఇల్లు విడిచాక కుర్రాడు ఏం చేయాలో హోముల్లో లాగే రెండు నెలల ముందే ప్లాన్ రాసి పెట్టాలి కాబట్టి, నాన్న నిన్న రాత్రే పాత తేదీ వేసి రాసేశారు.

"ఆర్కిటెక్చర్ చదవాలనుంది నాన్నా."

"ఈ ఏడాది ఆ బ్యాచ్ లేదు బాబూ. సెల్‌ఫోన్ రిపేరింగ్‌లో ఒక సీటుంది."

"జ్వరం గిరం వస్తే అమ్మకి ఫోన్ చెయ్యనా?"

"నాకు వచ్చే నెల బదిలీ కన్నా," అంది అమ్మ. " కొత్త అమ్మ వస్తుంది, ఆవిడ్ని అడుగు. ఆ దుప్పటి స్టాకు రిజిస్టర్లో ఉంది, అప్పజెప్పి సంతకం పెట్టు."

"పండక్కి రావచ్చా?"

"విజిటర్ల టైములో, ఆధార్ తీసుకుని."

ఆధార్‌లో అడ్రసు ఈ ఇంటిదే. అయినా వాచ్‌మన్ లోపలికి పంపడు, లిస్టులో పేరు లేదు. గది వెతుక్కుంటూ వెళితే అక్కడ ఓనరు మొదట అడిగేది "మీ పెద్దవాళ్ల నంబరివ్వు బాబూ" అని.

ఈ బదిలీ అయ్యే అమ్మ జోకు కాదు. వార్డెన్ మారతారు, కౌన్సెలర్ కాంట్రాక్టు అయిపోతుంది, కేసు చూసే మనిషి మారిపోతారు, వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఆ పిల్లలు "మీ నాన్న ఎలా పోయాడు?" దగ్గర్నుంచి మళ్లీ చెప్పుకోవాలి. మన పిల్లలు ఉద్యోగం పోతే ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు, నాలుగు రోజులు తిట్టి అన్నం పెడతాం, వారానికి లేచి మళ్లీ అప్లికేషన్లు పెడతారు. సాయం అంటే ఇదే. పడిపోయినా వెనక్కి రావడానికి ఒక తలుపు, ఎన్నేళ్లయినా మారని ఒక ఫోన్ నంబరు. ఆ నంబరు లేని అమ్మాయికి రాత్రి కడుపునొప్పి వస్తే ఆసుపత్రిలో "నీతో ఎవరొచ్చారు?" అని అడుగుతారు. ఆ పిల్ల ఏం చెప్పాలి? సభలో చప్పట్లు కొట్టిన వాళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ రాత్రి ఫోన్ ఎత్తుతాడా? సిగ్గుండాలి మనకి.

చట్టం లేదనుకునేరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ఇలా బయటికి వచ్చే పిల్లలకు డబ్బుసాయం చేయడానికి అనుమతిస్తుంది. ఎంత ఉదారమో చూడండి, అనుమతి మాత్రమే, తప్పనిసరి చేసి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఆ చట్టం కింద 2016లో వచ్చిన మోడల్ రూల్స్ ప్రకారం ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్ కేర్, అంటే హోము విడిచాక ఆసరా, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు, ఆరుగురో ఎనిమిదిమందో కలిసి ఉండే వసతి. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు. కమిటీ, జిల్లా యూనిట్, ఫైలు, బ్యాంకు ఖాతా ఒకే నెలలో కలిసొస్తే. అసలు ఇలాంటిదొకటి ఉందని బయటికెళ్లే పిల్లకి ఎవరైనా చెబితే. ఇంగ్లండులో 2014 నుంచి పెంపుడు కుటుంబంతోనే ఇరవై ఒకటి దాకా ఉండిపోవచ్చు, ఇరవై ఐదు దాకా సలహాకు ఒక మనిషిని అడగొచ్చు. అక్కడి పిల్లలకు మన పిల్లలంత తెలివి లేదు కాబోలు.

మనకి వయసు లెక్కలంటే అంత పట్టింపు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దిక్కులేని అనాథ పిల్లల్ని బీసీ-ఏ జాబితాలో చేర్చారు, మంచి పనే. కానీ తల్లిదండ్రులు ఆ పిల్లకి పదేళ్లు నిండకముందే పోయి ఉండాలి. కాస్త ఆలస్యం చేసి పదకొండో ఏట పోయిన తల్లిదండ్రుల బాధ్యతారాహిత్యానికి సర్కారు ఏం చేస్తుంది? ఆ పిల్ల ఏ కౌంటర్లో నిలబడాలో తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. ఫీజు కట్టడానికి గడువు దగ్గరపడుతోంది.