మోడలర్ ఉన్నంక క్యాబ్ ఎందుకు? – గిటారుకు, మిక్సర్‌కు నడుమ వాదోపవాదం

నల్లగొండ, పాలమూరు దిక్కు ధూంధాం వేదికల మీద, చర్చి సభల్లో, ఫంక్షన్ హాళ్లల్లో ఎలక్ట్రిక్ గిటారు వెంట ఇప్పుడు డిజిటల్ మోడలర్ (గిటారు యాంప్, స్పీకర్ల సప్పుడును నకలు చేసే పెట్టె) కూడా వస్తున్నది. హెలిక్స్, కెంపర్, క్వాడ్ కార్టెక్స్, హెచ్ఎక్స్ స్టాంప్, ఏదైనా కావచ్చు. దాన్ని వేదిక మీది క్యాబినెట్‌కు (గిటారు స్పీకర్ పెట్టె, అదే క్యాబ్) కలపాల్నా, నేరుగా సౌండ్ సిస్టమ్‌కే ఇయ్యాల్నా అన్నదే పంచాయితీ. లెక్కలో ఉన్న సామాను: ఒక మోడలర్, రెండు పన్నెండించుల స్పీకర్లున్న 8 ఓమ్స్ క్యాబ్, ఒక సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్ల) పవర్ యాంప్, కిరాయి సిస్టమ్. ఒక దిక్కు వాయించేటోడు, ఇంకో దిక్కు మిక్సర్ కాడ కూసునేటోడు.

గిటారు: అన్నా, క్యాబ్ లేకుంటే నాకు వాయిస్తున్నట్టే ఉండదు. మానిటర్‌లో (వాయించేటోని దిక్కు తిప్పిన స్పీకర్) ఇచ్చేది రికార్డు విన్నట్టుంటది. స్పీకర్ గాలి తీగెలకు తగిలితేనే నోటు నిలబడతది, సోలోలో గుంజినంతసేపు గుంజొచ్చు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఆ పని చెయ్యదు.

మిక్సర్: నోటు సంగతి నాకూ తెలుసు తమ్మీ. నా బాధ వేరే. పన్నెండించుల స్పీకర్ పై ఫ్రీక్వెన్సీలను నలుదిక్కులా చిమ్మదు. 1,100 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు, స్పీకర్ వెడల్పు ఒకటే అయితయి. అక్కడి నుంచి పైకి పోయినకొద్ది శబ్దం సన్నబడి ముంగటికే కొడ్తది. క్యాబ్‌కు ఎదురుగా కూసున్నోళ్లకు చెవులు గింగురుమంటయి, పక్కకున్నోళ్లకు మొద్దుగ వినబడ్తది. నువ్వేమో దాన్ని నేల మీద పెట్టి దగ్గర్నే నిలబడ్తవు. సప్పుడు నీ పిక్కలకు తగుల్తది, చెవికి రాదు. వినబడ్తలేదని పెంచుతవు. ఇగ పాడేటోళ్ల మైకుల నిండ గిటారే.

గిటారు: స్టూలు మీద పెడ్త. లేకుంటే ఎనుకకు వాల్చి, పక్కనుంచి నా తల దిక్కు తిప్పుత. అప్పుడు తక్కువ వాల్యూమ్ సాలుతది. దాని ముంగట ఒక ఎస్ఎం 57 మైకు పెట్టి హాలుకు అదే వాడుకో. స్పీకర్ నడిమి టోపీ అంచుకు ఎదురుగ, బట్టకు ఒక ఇంచు ఎడంగ. ఎన్నేండ్ల సంది నడుస్తున్న పద్ధతి.

మిక్సర్: నాలుగు డప్పుల పక్కన 57 పెడితే అండ్ల వచ్చేది డప్పే. నువ్వు క్యాబ్ ఎంత తగ్గిస్తే నేను మైక్ గెయిన్ అంత పెంచాలె, డప్పు అంత పైకి లేస్తది. నీ మోడలర్ లోపల ఐఆర్ ఉన్నది కద. ఒక క్యాబ్, దాని ముంగటి మైకు, ఆ రెండింటి స్పందనను పట్టి ఉంచిన ఫైలు అది. అండ్ల డప్పు దూరదు, ఎవని కాలు తగిలి స్టాండు జరుగుడు లేదు. నాకు ఒక్క ఎక్స్ఎల్ఆర్ పిన్ (మైకు వైరుకుండే పిన్) ఇయ్యి, సాలు.

గిటారు: ఇస్త. గాని అదే సిగ్నల్ క్యాబ్‌కు పోవద్దు. గిటారు స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటినంక తనంతట తనే పడిపోతది. ఐఆర్ కూడా అదే పని చేస్తది. రెండూ కలిస్తే దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టే. అది విని చాలామంది యాంప్‌లో ట్రెబుల్, ప్రెజెన్స్ ఎక్కిస్తరు. ఆ ఎక్కించిందే హాలుకు పోయి జనం చెవులు కోస్తది. అట్లని ఐఆర్ మొత్తానికే తీసేస్తే నీ సిస్టమ్‌లో డిస్టార్షన్ జుయ్యిమని గీకుతది, నీ టాప్ బాక్సుల హారన్ గిటారు స్పీకర్ లెక్క పైది కొయ్యదు కాబట్టి.

మిక్సర్: అందుకే రెండు దారులు చీల్చాలె. గేట్, డ్రైవ్, యాంప్, డిలే (ప్రతిధ్వని), రివర్బ్ (గది మోత) దాక ఒక్కటే దారి. ఆడ చీల్చు. ఒక కొమ్మ ఏ క్యాబ్ బ్లాక్ లేకుండ క్వార్టర్ ఇంచ్ అవుట్‌కు, ఆడికెల్లి పవర్ యాంప్‌కు, క్యాబ్‌కు. రెండో కొమ్మ మీద ఐఆర్, దాని తర్వాత లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలు కోసేది) 90 – 100 హెర్ట్జ్ కాడ, హై కట్ (పైవి కోసేది) 6,500 – 7,500 కాడ, ఆ పైన ఎక్స్ఎల్ఆర్‌కు.

గిటారు: లో కట్ 100 అంటే నా అడుగు 'E' తీగె 82 హెర్ట్జ్ అన్నా. దాన్నే కోస్తున్నవు.

మిక్సర్: కట్ గోడ లెక్క నిలబడదు, వాలుగ దిగుతది. తీగె సప్పుడు ఎక్కువభాగం 164లో, 246లో, ఆ పై హార్మోనిక్స్‌లో (82కు రెట్లు) ఉంటది. 82 కాడ డప్పు, బేస్ ఉన్నయి, వాటికి జాగ ఇడువు. ఒక్కనివే కూసొని వాయించే కార్యక్రమమైతే 70కి దించుకో, నేనేం అనను.

గిటారు: ఇంకొకటి. రివర్బ్‌ను ఐఆర్ కంటే ముందు పెట్టమంటున్నవు. అందరు తర్వాత పెడ్తరు కద?

మిక్సర్: తర్వాత పెడితే క్యాబ్ కొమ్మకు రివర్బ్ రాదు, లేదంటే రెండు కొమ్మల మీద రెండు రివర్బులు పెట్టాలె, ప్రాసెసర్ నిండిపోతది. ఐఆర్ లీనియర్ పని, మామూలు డిలే, రివర్బ్ కూడా అంతే. మోనోలో (ఎడమ, కుడి లేని ఒకే సిగ్నల్) ఏది ముందున్నా ఫలితం ఒక్కటే. స్టీరియో రివర్బ్‌ను మోనో ఐఆర్‌లోకి పంపితేనే వెడల్పు పోతది. మా దిక్కు సిస్టములు ఎట్లైనా మోనోలోనే నడుస్తయి. పింగ్‌పాంగ్ డిలే (ఎడమకు ఒకటి, కుడికి ఒకటి కొట్టేది) పెట్టి ఎడమ పిన్ను ఒక్కటే ఇస్తే సగం దెబ్బలు మాయమైతయి, అది చూసుకో.

గిటారు: మోడలర్‌ను బట్టి దారి మారుతది. హెలిక్స్ పెద్దదాంట్లో రెండు రకాల అవుట్లున్నయి, తిప్పలు లేదు. గ్లోబల్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నాబ్‌ను క్వార్టర్ ఇంచ్ అవుట్లకే కట్టెయ్యాలె. అప్పుడు నేను క్యాబ్ పెంచినా నీ ఎక్స్ఎల్ఆర్ కదలదు. స్టాంప్‌లో ఐఆర్ కంటే ముందు ఒక సెండ్ బ్లాక్ పెట్టి, ఆ సెండ్ జాక్ నుంచి పవర్ యాంప్‌కు తీసుకోవాలె, మెయిన్ అవుట్ నీకు. కెంపర్‌లో మానిటర్ అవుట్‌కు మాత్రమే క్యాబ్ ఆపే మీట ఉంటది, అది నొక్కితే అయిపాయె.

మిక్సర్: నాబ్ కట్టెయ్యకుంటే మటుకు పాట నడుమ నువ్వు వాల్యూమ్ ముట్టుకుంటవు, హాలంత గిటారు లేస్తది, జనం నా దిక్కు చూస్తరు.

గిటారు: ఇగ క్యాబ్ వైర్ల సంగతి నా దిక్కుది, చెప్పనియ్యి. పవర్ యాంప్ 4 ఓమ్స్‌కు 200 వాట్స్ అంటే 8 ఓమ్స్ క్యాబ్‌కు సుమారు సగమే ఇస్తది. ఆ సగం వాల్యూమ్‌లో మూడు డీబీయే (డెసిబెల్స్), బాధ లేదు. వింటేజ్ 30 స్పీకర్లు ఒక్కోటి 60 వాట్స్, రెండుంటే 120, కాబట్టి సరిపోతది. 25 వాట్స్ గ్రీన్‌బ్యాక్‌లు రెండుంటే అదే యాంప్‌ను 50 వాట్స్ దాటనియ్యొద్దు. ఇంకో 8 ఓమ్స్ క్యాబ్ పక్కన తగిలిస్తే 4 ఓమ్స్ అయితది, అదే హద్దు. మూడోది తగిలిస్తే రెండున్నర చిల్లర, యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోతది లేదా కాలుతది. యాంప్‌కు, క్యాబ్‌కు నడుమ గిటారు వైరు వాడొద్దు. రెండు దిక్కుల జాక్ ఒక్క తీరే ఉంటది, లోపలి తీగె సన్నం, అంత కరెంటు మోస్తే వేడెక్కుతది. స్పీకర్ వైరే, రెండు తీగెలు లావుగ ఉన్నది.

మిక్సర్: దానికి నేనొకటి కలుపుత. పల్లెల్లో మైక్ సెట్ యాంప్లిఫైర్ ఒకటి కాళీగ కనబడితే, "పవర్ యాంప్ ఉన్నది కద" అని క్యాబ్ దానికి తగిలిస్తరు. అహుజా లాంటి వాటి ఎనుక 4, 8, 16 ఓమ్స్ స్క్రూలతో పాటు 70 వోల్ట్, 100 వోల్ట్ లైన్ స్క్రూలు కూడా ఉంటయి. ఆ లైన్ దూరం దూరం పెట్టే హారన్లకు, వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. క్యాబ్‌ను 100 వోల్ట్ స్క్రూకు పెడితే అటు యాంపో, ఇటు స్పీకరో పోతది. 8 ఓమ్స్ స్క్రూ, కామన్, ఈ రెండే.

గిటారు: పవర్ యాంప్‌కు బదులు కాంబో యాంప్ (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) దొరికితే, ఎనుక ఉన్న ఎఫెక్ట్స్ రిటర్న్‌లో గుచ్చుత. ముంగటి ఇన్‌పుట్‌లో గుచ్చితే ఆ యాంప్ ప్రీయాంప్ కూడా కలుస్తది, నా ప్యాచ్ (మోడలర్‌లో దాచుకున్న సెట్టింగ్) చెడతది. అది వాల్వ్ యాంపైతే మోడలర్‌లో పూర్తి యాంప్ బ్లాక్ తీసేసి ప్రీయాంప్ బ్లాక్ పెడ్త. సాలిడ్ స్టేట్ అయితే పూర్తి యాంపే.

మిక్సర్: అది నీ రుచి. నాకు కావాల్సింది లెవల్. ముప్పై మీటర్ల మల్టీకోర్ (చాన మైకు వైర్లు ఒక్కటిగ ఉన్న కేబుల్) దాటి నా మైక్ ఇన్‌పుట్‌లోకి వస్తది, కాబట్టి ఎక్స్ఎల్ఆర్‌ను మైక్ లెవల్‌కు పెట్టు. లైన్ లెవల్ పంపితే గెయిన్ కిందికి తిప్పినా ఎర్ర లైటే. నేను ఆ ఛానల్ 48 వోల్ట్ ఫాంటమ్ (మిక్సర్ మైకు వైరులో పంపే కరెంటు) ఆపుత. కొన్ని పాత మిక్సర్లలో ఫాంటమ్ అన్ని ఛానళ్లకు ఒకటే మీట. గట్లైతే నడుమ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చేది) పెట్టాలె.

గిటారు: గుయ్యిమని హమ్ వస్తే?

మిక్సర్: మోడలర్, పవర్ యాంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్ రెండు దారుల్లో తిరిగి 50 హెర్ట్జ్ మోత లేస్తది. ముందు అన్ని ఒక్క బోర్డుకు తేవాలె. ఇంకా ఉంటే ఎక్స్ఎల్ఆర్ గ్రౌండ్ లిఫ్ట్ నొక్కు. కరెంటు ప్లగ్‌లో ఎర్త్ పిన్ ఇరగ్గొట్టుడు మటుకు చెయ్యొద్దు, చాన చోట్ల అదే చేస్తరు. తీగె మీద చెయ్యి, మైకు మీద మూతి పెట్టేటోనికి షాక్ కొడితే పాణం పోతది. జనరేటర్ మీద నడిచే జాతరైతే మోడలర్‌కు ఒక చిన్న యూపీఎస్. కరెంటు ఒక్క క్షణం కిందికి పడ్డా అది మల్ల మొదటి నుంచి లేస్తది, అప్పటికి పాట పల్లవి దాటుతది.

గిటారు: ప్యాచుల విషయం. ఇంట్లో చిన్న సప్పుడుతో చేసిన ప్యాచ్ హాలులో బేస్ ఊగుతది, పైన కీచుమంటది. మన చెవి తక్కువ వాల్యూమ్‌లో ఆ రెండు కొనలను తక్కువ వింటది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపెట్టిన్రు. కాబట్టి ప్యాచ్‌ను 85 – 90 డీబీ కాడ సరిచెయ్యాలె. క్లీన్, లీడ్ లెవళ్లు మీటర్ చూసి కలపొద్దు. డిస్టార్షన్ నలిగి ఉంటది, పీక్ తక్కువ చూపిస్తది, చెవికి పెద్దగ వినబడ్తది. క్లీన్ దానికి ఉల్టా.

మిక్సర్: ఇది ఒప్పుకుంట. లీడ్‌ను రిథమ్ మీద మూడు నాలుగు డీబీ పైన పెట్టు, అంతకంటె వద్దు. ఇంకోటి, క్యాబ్ నా బాక్సులకు మూడు మీటర్లు ఎనుకున్నదంటే దాని సప్పుడు నా బాక్సుల సప్పుడు కంటె 9 మిల్లీసెకన్లు ఆలస్యంగ వస్తది. రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు రద్దయితయి. డిజిటల్ మిక్సరైతే మెయిన్స్‌కు (హాలు బాక్సులకు) అంత డిలే ఇస్త. అనలాగ్ మిక్సరైతే నీ క్యాబ్ తగ్గించుడొక్కటే మందు. అందుకే 200 మంది పట్టే ఫంక్షన్ హాలుకు క్యాబ్ వద్దనే అంట. రేకుల కప్పు, నున్నని గోడలు, అదొక్కటే మోగినా సాలు నా మిక్స్ చెడగొట్టనీకి.

గిటారు: నాకైతే గా చిన్న హాలులోనే క్యాబ్ బాగుంటది, తక్కువ వాల్యూమ్‌లోనే తీగె పలుకుతది. నీ సిస్టమ్ ఆగినా నాది మోగుతది.

మిక్సర్: నా సిస్టమ్ ఆగితే పాడేటోని మైకు కూడా ఆగుతది, గిటారొక్కటి మోగి ఏం జేస్తది? నీ పవర్ యాంప్ ఆగినా హాలుకు గిటారు పోవుడు మటుకు ఆగొద్దు. సౌండ్ చెక్‌లో దాన్ని ఆపి ఒక పాట వాయించు, నేను హాలు నడుమ నిలబడి వింట. తర్వాత ఆన్ చెయ్యి. నడుమ తేడా తెలిస్తే క్యాబ్ ఎక్కువున్నట్టే.

గిటారు: నడుమ ఏమాత్రం తేడా తెల్వొద్దంటే నాకు తీగె కదలదు. మూడో వరుస కాడ నిలబడు. అక్కడ గిటారు కొంచెం ఎక్కువున్నా పాట మాటలు అర్థమైతే ఒప్పుకోవాలె.

మిక్సర్: మూడో వరుసే అయితే అయింది. క్యాబ్ నాబ్ ఆడ టేప్ వేసి గుర్తు పెడ్త, కార్యక్రమం మొదలైనంక దాటొద్దు. కరెంటు పెట్టేటప్పుడు ముందు మోడలర్, తర్వాత మిక్సర్, ఆఖరుకు పవర్ యాంపులు. ఆపేటప్పుడు యాంపులే ముందు.