అభిషిక్తుణ్ణి అడగకూడదా?

నిజాయితీగా చెప్పిన విమర్శను దైవసేవకులు, అంటే పాస్టర్లు, చెవిన పెట్టాలని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట బాగుంది. కానీ మా టెక్కలి వైపు చెప్పేవాళ్ల నోరే ముందు మూయిస్తారు కదండీ! చర్చి కానుకల లెక్క అడిగితే చాలు, "అభిషిక్తులను (దేవుడు తన పనికి ఎన్నుకున్నవాళ్లను) ముట్టకూడదు" అని బైబిల్లో 105వ కీర్తన తీస్తారు. దాన్ని పైనుంచి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు పరదేశులుగా తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు కీడు చేయకుండా దేవుడు ఆపిన సంగతి అది. పాస్టరుగారి లెక్కల పుస్తకానికి దానితో ఏం సంబంధం? అంతియొకయ పట్టణంలో అపొస్తలుడు పౌలు, యేసు ముఖ్య శిష్యుడైన పేతురంతటి వాణ్ణే అందరి ముందు నిలదీశాడు (గలతీ 2). "నువ్వు చేసేది మంచిది కాదు" అని మామ యిత్రో అంటే మోషే అలగలేదు, పెద్దల్ని పెట్టి పని పంచాడు.

మా ప్రాంతంలో కెనడియన్ బాప్టిస్టు మిషను నాటిన పాత సంఘాలున్నాయి. బాప్టిస్టు పద్ధతిలో సంఘ కార్యాలు సభ్యుల మీటింగులో తేలాలి. అక్కడా గొడవలున్నాయి, కాదనను. కానీ పాస్టరమ్మగారే ట్రెజరరు, అబ్బాయే సెక్రటరీ అయిన, పాస్టర్లు సొంతంగా నడుపుకునే మందిరాల్లో అడగడానికి మీటింగైనా ఉండదు. ఆరాధన అయ్యాక కుటుంబం బయటివాళ్లు ఇద్దరు కానుకలు లెక్కపెట్టి, మొత్తం నోటీసు బోర్డు మీద రాయొచ్చుగా? చాటున వాట్సాప్‌లో తిట్టేవాళ్లు కూడా ఆ లెక్కకి వచ్చి కూర్చోవాలి మరి.