సవరణ: పాత ప్లిమత్ హీట్ వాల్వు గురించి

చిత్తూరులోని పాత ప్లిమత్ కారు గురించి మొన్న రాస్తూ, ఎగ్జాస్టు మానిఫోల్డు (ఇంజను నుంచి పొగను బయటికి పంపే గొట్టం)లోని హీట్ వాల్వు కదలకుండా పట్టేస్తే తెరిచి తీగతో కట్టేయమన్నాను. అది దారిలో ఇల్లు చేరడానికే, శాశ్వతంగా కాదు.

ఇంజను చల్లగా ఉంటే ఆ వాల్వు మూసుకుని వేడి పొగను కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) కిందికి మళ్లిస్తుంది. వేడెక్కాక బైమెటల్ (రెండు లోహాల) స్ప్రింగు సడలి తెరుచుకుంటుంది. తెరుచుకునే పట్టేస్తే పలమనేరులో డిసెంబరు పొద్దున బండి కాసేపు మొరాయిస్తుంది, అంతే. మూసుకుని పట్టేస్తేనే అసలు తలనొప్పి: మన ఎండల్లో, మొగిలి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కార్బురేటర్లోనే పెట్రోలు మరిగి బండి ఆగిపోవచ్చు.

వాల్వు షాఫ్టుకు ఇంజనాయిల్ మాత్రం పోయొద్దు (మెకానిక్ చెప్పినా సరే), మాడి మసిగా గడ్డకడుతుంది. ఇంజను చల్లారాక తుప్పు వదిలించే ద్రావకం వేసి, నాననిచ్చి, షాఫ్టు రెండు చివర్లా సుత్తితో మెల్లగా తట్టాలి. కదిలాక గ్రాఫైటు వేయండి.

మాన్యువల్లో ఇది సైలెన్సర్ అధ్యాయంలో దొరక్కపోతే ఇంధన అధ్యాయం తిరగేయండి. ‘మానిఫోల్డ్ హీట్ కంట్రోల్ వాల్వ్’ అనో ‘హీట్ రైజర్’ అనో ఉంటుంది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ వాళ్లు బిగించిన కారైతే, ముందు ఇంజను నంబరు చూసుకుని ఆ ఏడాది అమెరికా మాన్యువల్ వెతకండి.